ఇంట్లో ఒదగాలి, రింగులో నిలబడాలి: నల్లగొండ, పాలమూరు ఇళ్ళకు కుక్క జాతిని ఎంచుకునే పద్ధతి

ఇంట్లో పెంచుకుంటూనే డాగ్ షో రింగులో (జడ్జి ముందు కుక్కను నిలబెట్టి, నడిపించే చోట) చూపించే కుక్క కావాలంటే, జాతి పేరు అనుకోవడానికి ముందు ఒక సంగతి తేల్చుకోండి: మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు ఆ కుక్క మీ ఇంట్లో ఎక్కడ పడుకుంటుంది? మన దగ్గర ఎండ 44, 45 డిగ్రీలు తాకుతుంది. కుక్క మనలాగా ఒళ్ళంతా చెమట పట్టి చల్లబడదు, నాలుక బయటపెట్టి రొప్పుతూనే వేడిని వదిలించుకుంటుంది. దాని మామూలు ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీలు. అది 41 దాటితే ప్రాణం మీదికి వచ్చినట్టే. రేకుల షెడ్డు కింద గొలుసేసి కట్టేద్దామనుకుంటే ఏ జాతీ మీకు సరిపడదు. బండలు పరిచిన గది, పెంకుటింటి వసారా, వేపచెట్టు నీడ, ఏదో ఒకటి రోజంతా దానికి అందుబాటులో ఉండాలి.

కరెంటు పోయినప్పుడు ఏం చేస్తారో కూడా ఆలోచించండి. ఏసీ ఉంటేనే బతికే కుక్కను తెచ్చుకుంటే, కరెంటు లేని రెండు గంటలు మీకూ దానికీ నరకం. అందుకే హస్కీ, సెయింట్ బెర్నార్డ్, మాలమ్యూట్, చౌచౌలను ఇక్కడే కొట్టేయండి. ముక్కు లోపలికి నొక్కుకుపోయిన పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, ఇంగ్లీష్ బుల్‌డాగ్‌లను కూడా. మొహం ఎంత చదునైతే ఊపిరి దారి అంత ఇరుకు, రొప్పినా వేడి బయటికి పోదు. అమ్మేవాళ్ళు ‘పంచ్ ఫేస్’ అని గొప్పగా చెప్పేది సరిగ్గా ఆ లోపాన్నే.

ఇంకో నాలుగు ప్రశ్నలు, ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు

పొద్దున ఐదున్నరకు కుక్కను తిప్పేది ఎవరు? ఎండకాలం ఏడు దాటితే తారురోడ్డు మీద తిప్పలేరు. మీ అరచేతిని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ కాలతాయి. “పిల్లలు తిప్పుతారు” అనే మాట పదో తరగతి పరీక్షలు వచ్చేదాకే.

ఇంట్లో, పక్కింట్లో కోళ్ళు, మేకలు ఉన్నాయా? ఉంటే వేటజాతుల విషయంలో మరొక్కసారి ఆలోచించాలి. ఎందుకో కింద చెప్తాం.

ఇంటి నేల ఏమిటి? నున్నటి టైల్స్, గ్రానైట్ మీద పెరిగే పిల్లకు కాళ్ళు జారి జారి వెనకకాళ్ళ మడమలు లోపలికి, పాదాలు బయటికి తిరుగుతాయి. రింగులో జడ్జి వెనకనుంచి చూడగానే పట్టుకునేది అదే. గరుకు బండలు మేలు. టైల్స్ ఉంటే అది తిరిగే దారి పొడుగునా రబ్బరు పట్టాలు వేయాలి.

నాలుగోది చాలామందికి చివర్లో తెలిసి ఇబ్బంది పడేది. షోలో తిప్పే కుక్కకు సంతాన నిరోధక ఆపరేషన్ చేయించకూడదు. రూపాన్ని జాతి ప్రమాణంతో (ఆ జాతి కుక్క ఎలా ఉండాలో రాసిపెట్టిన వివరంతో) పోల్చే షోలు అసలు పుట్టిందే సంతానానికి పనికొచ్చేవాటిని ఏరడానికి. అంటే ఆడకుక్క ఉంటే సుమారు ఆరు నెలలకోసారి మూడు వారాలపాటు గేటు బయట వీధికుక్కల కాపలా. మగకుక్క ఉంటే గోడలకు, బండి టైర్లకు గుర్తులు, ఆడకుక్క వాసన తగిలిన రోజు తిండి మానేయడం. ఉమ్మడి కుటుంబంలో ఈ సంగతి అత్తమ్మకు ముందే చెప్పి ఒప్పించుకోండి, తెచ్చాక కాదు.

మన ఎండకు, మన ఇళ్ళకు నిలబడే జాతులు

లాబ్రడార్. పిల్లలున్న ఇంటికి, మొదటిసారి షోకు వెళ్ళేవాళ్ళకు ఇప్పటికీ మా మొదటి సలహా ఇదే. పొట్టి బొచ్చు, తేలిగ్గా నేర్చుకునే గుణం, కొత్తవాళ్ళు తాకితే ముడుచుకోని మనసు. ఈ చివరిది రింగులో సగం పని చేసిపెడుతుంది. ప్రమాణం ప్రకారం భుజం దగ్గర ఎత్తు మగదానికి 56, 57 సెంటీమీటర్లు, ఆడదానికి 54 నుంచి 56. రంగులు మూడే: నలుపు, పసుపు, చాక్లెట్. పసుపు అంటే లేత మీగడ రంగు నుంచి నక్క రంగు దాకా అన్నీ అందులోకే వస్తాయి. ‘సిల్వర్ లాబ్’ అని ఎక్కువ డబ్బు అడిగితే నమస్కారం పెట్టి వచ్చేయండి, ఆ రంగు ప్రమాణంలో లేదు. తోక మొదట్లో లావుగా, చివరికి సన్నబడుతూ, చుట్టూ పొట్టి దట్టమైన బొచ్చుతో ఉండాలి. కుచ్చులు వేలాడుతుంటే ఎక్కడో రక్తం కలిసిందేమోనని అనుమానించాలి.

దీంతో రెండు తంటాలు. ఒకటి తిండి యావ. ముప్పై కిలోల కుక్కకు రోజుకు సుమారు 300 నుంచి 350 గ్రాముల పొడి మేత చాలు, కానీ ఇంట్లో నలుగురూ తలా ఒక చపాతీ వేస్తారు. పక్కటెముకలు వేళ్ళకు తగలాలి, కంటికి కనబడకూడదు, అదీ లెక్క. ‘హెవీ బోన్’ పేరుతో కొవ్వు పట్టించిన లాబ్‌లు ఎండకు ముందు పడిపోతాయి. రెండోది తుంటి కీలు సరిగా కూర్చోకపోవడం. అది వంశంలో వస్తుంది, కంటికి కనబడదు, ఎక్స్‌రేలోనే తెలుస్తుంది. తల్లిదండ్రులకు ఏడాది నిండాక తీసిన తుంటి ఎక్స్‌రే అడగండి.

కారవాన్ హౌండ్, ముధోల్ హౌండ్. కర్ణాటకలోని ముధోల్, మహారాష్ట్ర దక్కన్ ప్రాంతపు కుక్కలు. మన నారాయణపేట, మక్తల్ వైపు సరిహద్దు దాటితే ఎండా నేలా వాటి సొంత ఊరివే. 2005లో తపాలా శాఖ దేశీ కుక్కల మీద నాలుగు స్టాంపులు తెచ్చినప్పుడు ముధోల్ అందులో ఒకటి. మిగతావి రాజపాళయం, రాంపూర్ హౌండ్, హిమాలయన్ షీప్‌డాగ్. భుజం దగ్గర రెండడుగుల పైన ఎత్తు, ఒంటికి అతుక్కున్న బొచ్చు, వాసన తక్కువ, బొచ్చు దువ్వే పనే లేదు. ఇంట్లో మూలకు ముడుచుకొని గంటలకొద్దీ పడుకుంటుంది.

కానీ ఇది ఇంటివాళ్ళ కుక్క, ఊరందరి కుక్క కాదు. కొత్తవాళ్ళు మీద చెయ్యేస్తే పక్కకు జరుగుతుంది. జడ్జి చెయ్యి భరించడం చిన్నప్పటినుంచీ నేర్పకపోతే రింగులో తోక కాళ్ళ మధ్యకు పోతుంది. పైగా పరుగెత్తేదాన్ని చూస్తే వెంటపడటం దాని రక్తంలో ఉంది. కోడి, మేకపిల్ల, కుందేలు, స్కూటీ, ఏదైనా ఒకటే. గోడ ఆరడుగులు ఉండాలి, బయట తాడు వదలకూడదు. తండాల దగ్గర దీన్ని కుందేళ్ళ మీదికి, అడవిపందుల మీదికి వదలడం చూస్తుంటాం. 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం, అమ్రాబాద్ అడవి అంచున ఉండేవాళ్ళు మరీ జాగ్రత్త. నడుం దగ్గర తుంటి ఎముకలు బయటికి కనబడటం ఈ జాతికి అందం. ఇంటికొచ్చిన చుట్టం “తిండి పెడతలేరా?” అని అడుగుతాడు, పట్టించుకోవద్దు, నెయ్యి పోయొద్దు.

రాజపాళయం కూడా పొట్టి బొచ్చు కుక్కే, కానీ తెల్ల ఒళ్ళు, గులాబి రంగు ముక్కు ఉన్న ఈ జాతిలో పుట్టు చెవుడు కనబడుతుంది. పిల్ల వెనక నిలబడి, తోటి పిల్లలు లేనప్పుడు తాళాల గుత్తి ఆడించి చూడాలి. పిల్లలన్నీ కలిసి ఉన్నప్పుడు చెవిటిది పక్కదాన్ని చూసి తిరుగుతుంది, మోసపోతాం. డాల్మేషియన్‌కూ ఇదే పరీక్ష.

బీగుల్. చిన్న ఇల్లు, అపార్ట్‌మెంట్ అయితే ఇది. ఎత్తు 33 నుంచి 40 సెంటీమీటర్లు. 40 దాటితే ప్రమాణం దాటినట్టే కాబట్టి తల్లిదండ్రుల ఎత్తు టేపుతో కొలవండి. పిల్లలతో అలుపు లేకుండా ఆడుతుంది. ముక్కు నేలకు ఆనిందంటే మాత్రం మీ పిలుపు వినబడదు, గేటు తీసి ఉంటే పోతుంది. గొంతు పెద్దది, పక్కింటివాళ్ళతో ముందే మాట్లాడుకోండి.

డాక్స్‌హండ్ మంచిదే, మెట్లున్న ఇంటికి కాదు. పొడుగు వెన్ను, మంచాల మీంచి దూకితే డిస్క్ జారి వెనక కాళ్ళు పడిపోతాయి.

జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్, రాట్‌వైలర్ కావాలనే వాళ్ళు ఎక్కువ. రోజుకు గంట శిక్షణకు తీరిక లేకపోతే వద్దు. షెపర్డ్‌కు రెండు పొరల బొచ్చు, తుంటి సమస్య; డాబర్‌మన్‌కు గుండె కండరాల జబ్బు. తోక, చెవులు కోసిన పిల్లను కొనకండి, మీరూ కోయించకండి. రాట్‌వైలర్ ఉన్న 23 జాతుల మీద 2024లో కేంద్రం ఇచ్చిన ఆదేశాన్ని కర్ణాటక హైకోర్టు కొట్టేసింది, అయినా అద్దె ఇంటి ఓనర్, కాలనీ సంఘం ఏమంటాయో ముందు కనుక్కోండి.

ఇక మన ఇళ్ళలో ‘పమేరియన్’ అని పిలుచుకునే తెల్లటి కుక్క. అది చాలావరకు ఇండియన్ స్పిట్జ్. ఇంటికి బంగారం లాంటిది, ఎండకు తట్టుకుంటుంది. కానీ దాన్ని పామరేనియన్ అని షోలో నమోదు చేయలేరు. అసలు పామరేనియన్ ఎత్తు 18 నుంచి 24 సెంటీమీటర్లే.

కాగితాలు

మన దేశంలో వంశావళి నమోదు చేసే సంస్థ చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా. అందరూ కేసీఐ అంటారు. బ్రీడర్ ముందు ఆ ఈతను (ఒకే కాన్పులో పుట్టిన పిల్లలన్నిటినీ) నమోదు చేయిస్తాడు, తర్వాత ఒక్కో పిల్లకు సర్టిఫికెట్ వస్తుంది: పేరు, నంబరు, పుట్టిన తేదీ, రంగు, తల్లిదండ్రులు, పై మూడు తరాలు, మైక్రోచిప్ నంబరు. పూర్వీకుల పేర్ల ముందు ‘సీహెచ్’ అని ఉంటే అది ఛాంపియన్. తాతల్లో ఎక్కడో ఒక్క ఛాంపియన్ ఉంటే ‘ఛాంపియన్ లైన్’ అని అమ్మడం మామూలే. తల్లీ తండ్రుల్లో ఉందా, అదీ చూడాల్సింది.

మైక్రోచిప్ 15 అంకెలది. స్కానర్‌తో చదివించి, సర్టిఫికెట్ మీది నంబరుతో అంకె అంకె సరిచూడండి. ఒక పిల్ల కాగితం ఇంకో పిల్లకు అంటగట్టడం ఇక్కడే బయటపడుతుంది. సర్టిఫికెట్ రావడానికి కొన్ని వారాలు పట్టడం నిజమే. అప్పటిదాకా ఈత నమోదు కాగితం నకలు తీసుకొని, డబ్బులో కొంత ఆపుకోండి. వచ్చాక యజమాని పేరు మీ పేరుకు మార్పించాలి. అది మరిచిపోయి షో ఎంట్రీ దగ్గర ఆగిపోయేవాళ్ళు చాలామంది.

2017 కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదై ఉండాలి. 35 రోజుల పిల్లను అట్టపెట్టెలో పెట్టి బస్టాండ్‌లో చేతికిస్తానన్నవాడి దగ్గర తీసుకోవద్దు. తల్లినీ తోబుట్టువులనూ వదిలి ముందే వచ్చిన పిల్లకు ఎంత గట్టిగా కరిస్తే నొప్పి పుడుతుందో తెలియదు, పెద్దయ్యాక భయమూ ఎక్కువ.

ఎనిమిది వారాల పిల్లను చూసే తీరు

పొద్దున పూట వెళ్ళండి, తిండి పెట్టకముందు. ముందు తల్లిని చూడాలి. మీకు నచ్చాల్సింది తల్లి గుణం, ఎందుకంటే పిల్లలు రెండు నెలలు నేర్చుకున్నది దాని దగ్గరే. తండ్రి వేరే ఊళ్ళో ఉండటం సహజం, ఫోటోలు, కాగితాలు అడగండి.

ఒక టేబుల్ మీద గోనెపట్టా పరిచి పిల్లను నిలబెట్టండి. ఎడమచెయ్యి దవడ కింద, కుడిచెయ్యి తొడల మధ్యగా పొట్ట కింద. రెండు చేతులతో కొంచెం పైకెత్తి, ముందరి కాళ్ళు నిటారుగా దిగేట్టు వదలండి. ఇప్పుడు పక్కనుంచి చూస్తే వీపు గీత సమంగా ఉండాలి, మెడ భుజాల్లోంచి మెల్లగా లేవాలి. వెనక్కి వచ్చి చూస్తే వెనకకాళ్ళ మడమలు ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, ఆవుకున్నట్టు లోపలికి తిరిగి ఉంటే పక్కన పెట్టండి.

బొటనవేలితో పై పెదవి మెల్లగా ఎత్తండి. పాలపళ్ళే అయినా పై వరుస కింది వరుసకు ముందుగా, ఆనుకొని, కత్తెర మూసినట్టు దిగాలి. పైది కాస్త ముందుకుంటే దవడ పెరిగాక కొన్నిసార్లు సర్దుకుంటుంది. కిందిది ముందుకుంటే సాధారణంగా సర్దుకోదు, ఇంకా పెరుగుతుంది.

మగపిల్ల అయితే రెండు వృషణాలూ సంచిలోకి దిగాయా అని వేళ్ళతో చూడాలి. ఒకటే తగిలితే ఆరు నెలల దాకా ఆగి చూడొచ్చు, కానీ షో కోసం కొనేటప్పుడు ఆ పందెం మీ నెత్తిన ఎందుకు? రెండింటిలో ఒక్కటి దిగకపోయినా రింగులో అనర్హతే. దిగని పిల్లను తీసుకుంటే ‘ఆరు నెలలకు దిగకపోతే ఇంత తిరిగి ఇస్తాను’ అని రాయించుకోండి. బొడ్డు దగ్గర ఉబ్బు ఉందేమో చూడండి.

తర్వాత కింద దించి, పక్కన స్టీలు గిన్నె ఒకటి పడేయండి. ఉలిక్కిపడటం తప్పు కాదు. ఉలిక్కిపడి, రెండు క్షణాల్లో వచ్చి గిన్నెను వాసన చూసే పిల్ల మీది. మూలకు పోయి అక్కడే ఉండిపోయేది ఎంత అందంగా ఉన్నా రింగుకు రాదు, పిల్లలున్న ఇంటికీ రాదు.

‘డబుల్ బోన్’, ‘ట్రిపుల్ బోన్’ అనే మాటలు ఏ ప్రమాణంలోనూ లేవు. ‘షో క్వాలిటీ’ అని రెండు నెలల పిల్లకు ఎవరూ హామీ ఇవ్వలేరు. నిజాయితీ ఉన్న బ్రీడర్ “ఆశ ఉంది” అంటాడు, అంతే.

మొదటి ఏడాదిలో చెడగొట్టేవి

కాల్షియం సిరప్. పెద్ద జాతుల పిల్లకు మంచి మేత పెడుతూ పైనుంచి కాల్షియం పోస్తే ఎముకలు బలపడవు, వంకరపోతాయి. డాక్టర్ చెప్పకుండా వద్దు.

బండికి కట్టి పరుగెత్తించడం. ఎముకల చివర్లు మూసుకోవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. అప్పటిదాకా మట్టినేల మీద సొంతంగా ఆడినంతే ఆట.

నీళ్ళు. మర్రిగూడ, మునుగోడు వైపు బోరునీళ్ళలో ఫ్లోరైడ్ పళ్ళను ఏం చేస్తుందో మనకు చెప్పక్కర్లేదు. కుక్కకు పాలపళ్ళు 28, వాటి స్థానంలో ఆరేడు నెలలకల్లా 42 పక్కా పళ్ళు వస్తాయి. పింగాణీ పొర తయారయ్యే ఆ నెలల్లో బోరునీళ్ళు తాగిస్తే పళ్ళ మీద మచ్చలు పడొచ్చు. మీరు తాగే నీళ్ళే దానికీ పోయండి.

గోమార్లు. ఇంటి గోమారు కుక్క మీద రక్తం తాగి, కిందికి దిగి గోడ పగుళ్ళలో, బండల సందుల్లో గుడ్లు పెడుతుంది. కాబట్టి కుక్కకు మందేసి గోడను వదిలేస్తే పదిహేను రోజుల్లో మళ్ళీ మొదటికే. సందులను సిమెంటుతో పూడ్చండి. గోమార్ల వల్ల వచ్చే ఎర్లీకియా జ్వరంలో రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. తిండి మానడం, చిగుళ్ళు పాలిపోవడం, ముక్కులోంచి రక్తం కనబడితే ఆ రోజే రక్త పరీక్ష చేయించాలి. పెద్ద సమస్య అయితే రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. పాలమూరు నుంచి శంషాబాద్ మీదుగా, నల్లగొండ నుంచి ఎల్‌బీ నగర్ మీదుగా, రెండు వైపులా సుమారు వంద కిలోమీటర్లు.

టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాలకు మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా. రేబిస్ మూడు నెలలకు. ఆ కోర్సు అయ్యేదాకా వీధికుక్కలు తిరిగే చోట దించకండి, పిల్లల ప్రాణం తీసే విరేచనాల జబ్బు పార్వో క్రిమి మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. అలాగని గదిలో దాచకండి. ఎత్తుకొని క్లాక్ టవర్ దగ్గరికి, బస్టాండ్ దగ్గరికి తీసుకెళ్ళి హారన్లు, జనం, పెళ్ళి బరాత్ డీజే దూరం నుంచి వినిపించండి.

రింగుకు తయారీ

మూడో నెల నుంచి రోజుకు ఐదు నిమిషాలు చాలు. నిలబడి కదలకుండా ఉండటం పది సెకన్లతో మొదలుపెట్టి నిమిషం దాకా. ఇంటికొచ్చిన ప్రతి చుట్టంతో పళ్ళు చూపించడం, వీపు మీద చెయ్యి వేయించడం. మగదానికైతే వృషణాలు తాకడం కూడా అలవాటు చేయాలి, జడ్జి తప్పకుండా చూస్తాడు. బీగుల్, డాక్స్‌హండ్‌లను టేబుల్ మీద పరీక్షిస్తారు, టేబుల్ ఊగకూడదు, ఒక్కసారి ఊగి భయపడితే మాన్పడానికి నెలలు పడుతుంది. తర్వాత మీ ఎడమపక్కన గంతులు వేయకుండా నిదానపు పరుగులో గుండ్రంగా, త్రికోణంలో, నేరుగా వెళ్ళి తిరిగి రావడం. కాలేజీ గ్రౌండ్‌లో తెల్లవారుజామున నేర్పించండి.

షోలు ఎక్కువగా చలికాలంలోనే. పొట్టి బొచ్చు కుక్కకు స్నానం రెండు మూడు రోజుల ముందే చేయించాలి, ముందురోజు చేయిస్తే బొచ్చు ఉబ్బి ఒంటికి అంటదు. మూడు నాలుగు గంటల ముందు తిండి ఆపి, తెల్లవారకముందే కారులో బయల్దేరండి. ఇంటి నీళ్ళే డబ్బాలో తీసుకెళ్ళండి, కొత్త నీళ్ళకు కడుపు పాడైతే ఆ రోజు అయిపోయినట్టే.

మగవాటినీ ఆడవాటినీ వేర్వేరుగా, వయసు తరగతుల వారీగా చూసి, చివరికి జాతిలో మేటిని, ఆపైన గ్రూపులో (ఒకే తరహా జాతులన్నిటిలో) మేటిని ఏరతారు. మొదటి షోలో గెలుపు సంగతి వదిలేసి, జడ్జి మీ కుక్క దగ్గర ఏ భాగాన్ని రెండోసారి చూశాడో గుర్తుపెట్టుకోండి. రింగు పని అయిపోయి ఆయన ఖాళీగా ఉన్నప్పుడు మర్యాదగా అడిగితే చాలామంది చెప్తారు. ముగ్గురు వేర్వేరు జడ్జిలు అదే భుజాన్నో, అదే వెనకకాళ్ళనో తప్పుపడితే ఇక ఎంట్రీ ఫీజులు కట్టడం ఆపేసి, దానికి ఆపరేషన్ చేయించి ఇంట్లో హాయిగా ఉంచుకోండి.